వాడిది కుడిచెయ్యే

ఆదోని
12 జూన్ 2024

గఫూర్ అన్నకు హులిగమ్మ నమస్కారం.

ఇక్కడ అందరం బాగున్నాము అని మొదలుపెడదామని కూర్చున్నాను. ఆ మాట దగ్గరే చెయ్యి ఆగిపోయింది. అందరం అనడానికి ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. ఫోను చేస్తే మీ కూతురు యాస్మిన్ ఎత్తి, "అత్తా, అబ్బాకు ఇప్పుడు ఏమీ ఇనపడదు, రాసి సూపియ్యాల" అని చెప్పింది. అందుకే ఉత్తరం. నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మన ఉచ్చీరప్ప పోయి మూడు నెలలు దాటింది. మార్చి రెండో తారీకు, బొంబాయిలో, ఆఫీసు బల్ల ముందర కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. గుండె ఆగిందన్నారు. నలభై ఏళ్ళకే. ఆదోనికి తెచ్చి మట్టి చేశాము. ఎమ్మిగనూరులో ఉన్న రోజుల్లో మా ఆయన తరువాత వాడికి మీరే పెద్ద దిక్కు కదా, మీరు వస్తారని వాకిలి వైపే చూశాను. రాలేదు. కబురు అందలేదేమో అనుకున్నాను.

ఇప్పుడు రాసేది వేరే సంగతి. పోయిన వారం శివకుమార్ అనే ఆయన వచ్చాడు. బళ్ళారి మనిషి, తెలుగు వస్తుంది. వాడూ ఈయనా కలిసే బొంబాయిలో ఆఫీసు పెట్టారు. టీపొడి పొట్లాల మీద, సబ్బుల మీద, బ్యాంకుల బోర్డుల మీద అక్షరాలు ఎట్లా ఉండాలో గీసిచ్చే ఆఫీసు. అట్లాంటి పని చేసేవాళ్ళకు అక్కడ ఒక పెద్ద సంఘముందట. ఏడాదికి ఒక్కరిని ఎంచి వాళ్ళ ఫొటో హాలు గోడకు పెడతారట. ఇప్పటికి పంతొమ్మిది ఫొటోలున్నాయట. ఇరవయ్యోది మనవాడిది. డిసెంబరులో సభ. వాడి మీద పుస్తకం వేస్తారు, సినిమా తీస్తారు. వాడి అక్షరాలన్నీ కంప్యూటర్లో పెట్టి వాటికి వాడి పేరే పెడతారు. తల్లిగా నేను ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. "దీంట్లో రాసింది నిజమే" అని.

కాగితం ఇంగ్లీషులో ఉంది. ఎదురింటి కవిత టీచరును పిలిచి చదవమన్నాను. చదువుతూ చదువుతూ ఆ పిల్ల నిలిపేసింది.

"అత్తా, ఇది నువ్వు ఇనేది కాదులే."

"నా కొడుకును గురించి రాసింది నేను ఇనగూడనిది ఏముందే? సదువు."

చదివింది. ఉచ్చీరప్ప పుట్టుకతో ఎడమచేతి వాటమట. తల్లి చదువులేని మనిషి, అది అరిష్టమని చీర కొంగుతో ఆ చేతిని వీపుకు కట్టేసేదట. వాడు తల్లి లేనప్పుడు దొంగతనంగా ఎడమచేత్తో బొగ్గు పట్టుకుని గోడల మీద రాసుకునేవాడట. అందుకే వాడి అక్షరాలు కుడిపక్క బొద్దుగా మొదలై ఎడమకు పోయేకొద్దీ సన్నబడతాయట. ఒక పసివాడి బాధలోంచి పుట్టిన అక్షరాలట అవి.

అన్నా, నేను వాడి చేతిని ఎప్పుడు కట్టేశాను? వాడిది కుడిచెయ్యే. అన్నం తిన్నదీ, రాసిందీ, గోలీలాడిందీ కుడిచేత్తోనే. "ఎవరు సెప్పినారయ్యా నీకు ఇది" అని శివకుమార్‌ని అడిగాను. "ఉచ్చీర్ చెప్పిందే అమ్మా. అన్ని పత్రికల్లో ఉంది" అన్నాడు.

ఐదేళ్ళు వాడికి బ్రష్షు పట్టించింది మీరు. ఏ చేత్తో పట్టాడో ఒక్క ముక్క రాయండి. నా మతి మీద నాకే నమ్మకం పోతోంది. సంతకం ఇంకా పెట్టలేదు.

హులిగమ్మ


ఎమ్మిగనూరు
25 జూన్ 2024

చెల్లెలు హులిగమ్మకు గఫూర్ దువా.

కవరు మీద నీ రాత చూసి చాలాసేపు విప్పలేదు. అల్లా నీకు ఓర్పునివ్వాలి. అంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు.

అడిగినదానికి ముందు జవాబు. వాడిది కుడిచెయ్యే. నీ మతికి ఏమీ కాలేదు.

పదమూడేళ్ళప్పుడు బస్టాండు పక్కన బోర్డులు రాసే నా అంగడికి వచ్చి నిలబడ్డాడు. "సాబ్, నాకు బొమ్మలొద్దు, అచ్చరాలు నేర్పియ్యండి" అన్నాడు. "ఏం, బళ్ళో నేర్పల్యా?" అన్నాను. "ఆడ సదివేటివి నేర్పినారు. నాకు సూసేటివి కావాల" అన్నాడు. ఆ ఒక్క మాటకే పెట్టుకున్నాను.

ఇక కుడిపక్క బొద్దు సంగతి. అది నా చేతి గుణం, నీ కొడుకుది కాదు. నా చెయ్యి ముందు ఉర్దూ నేర్చింది, తరువాత తెలుగు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు పోతుంది. తెలుగు అక్షరం వేసినా నా బ్రష్షు కుడిపక్కనే దిగేది. నిండా రంగుతో దిగినచోట లావుగా పడేది, ఎడమకు లాగేకొద్దీ రంగు తగ్గి సన్నబడేది. నాకు పని నేర్పిన ఉస్తాద్ నెత్తి కొట్టుకునేవాడు. "ఒరే గఫూర్, తెలుగింట్లోకి ముందు వాకిట్లో నుంచి రారా. దొడ్డి వాకిట్లో నుంచి దూరతావేంది దొంగ మాదిరి" అని. నేను మారలేదు. తరువాత అదే నా గుర్తయింది. గూడూరు దారిలో విత్తనాల కంపెనీ గోడలు, పురుగుమందుల గోడలు చూసి బస్సులోవాళ్ళు "గఫూర్ రాత" అనేవాళ్ళు.

నీ కొడుకు అదే పట్టుకున్నాడు. "నీకు తెలుగు వచ్చు కదరా, ఎడమ నుంచి సక్కగా రాయి" అని మొత్తుకున్నాను. వినలేదు. నాలుగో ఏటికి వాడు రాసిందేదో నేను రాసిందేదో నాకే తెలియకుండా పోయింది.

ఇప్పుడు నా మాట విను. ఆ సంతకం పెట్టెయ్. పోయినవాడు లేచి వచ్చి సర్దుకోలేడు. బతికున్న మనమే సర్దుకోవాలి. ఫ్లెక్సులు వచ్చాక నా అంగడి మూసి పదహారేళ్ళయింది. డెబ్భై నాలుగేళ్ళ ముసలివాడికి ఇప్పుడు పేరెందుకు? కొంగుతో కట్టావన్న మాట నాలుగు రోజులుంటుంది, పోతుంది. నీ కొడుకు ఫొటో గోడ మీద ఉండిపోతుంది.

కబురు నాకు అందింది, చెల్లీ. అందకపోవడం కాదు, నేనే రాలేదు. ఎందుకని మాత్రం అడగవద్దు.

గఫూర్


ఆదోని
9 ఆగస్టు 2024

గఫూర్ అన్నకు,

నాలుగు రోజులుంటుంది, పోతుంది అని రాశారు. ఆ నాలుగు రోజులు ఎట్లా ఉంటాయో చెబుతాను వినండి.

ఆ కథ తెలుగు పేపర్లో కూడా పడింది, వాడి ఫొటోతో, "మన ఆదోని బిడ్డ" అని. మరునాడు కొళాయి దగ్గర హుసేనమ్మ బిందె కింద పెట్టి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏమ్మే హులిగీ, కొడుకు చెయ్యి కట్టేస్తివంట. ఇన్నేండ్లు పక్కన ఉంటిమి, మాకు ఒక్కనాడన్నా సెప్పకపోతివే" అంది. "నీ నోరు కట్టేసింటే ఊరికైనా బాగుండు" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి బిందె దించడం కూడా మరిచిపోయి అట్లాగే నిలబడ్డాను.

జిన్నింగు మిల్లులో దూది ఏరేటప్పుడు ఒక చిన్నపిల్ల, పెళ్ళయి ఏడాది కూడా కాలేదు, నన్ను పక్కకు పిలిచి అడిగింది. "అవ్వా, నా బిడ్డ ఎడమచేత్తో పట్టుకుంటే కట్టేసేదా, కట్టేస్తే నీ కొడుకు మాదిరి పెద్దోడు అవుతాడా?" అని. ఆ పిల్లకు ఏం చెప్పాలి అన్నా?

మా ఇంటి ముందర అంగట్లో వాడు చేసిన ఆ ఎర్ర టీపొడి పొట్లాలు దండలు దండలుగా వేలాడుతుంటాయి. పన్నెండేళ్ళ కింద వాటిని మొదటిసారి చూసినప్పుడు వాడే నా పక్కన ఉన్నాడు. నేను చూసీ చూడగానే "ఇవి గఫూరన్న అచ్చరాలు గదరా" అన్నాను. "అవునుమా" అని నవ్వాడు. పెద్ద చదువు లేనిదాన్ని అయినా మీ గోడలు చూసి చూసి నాకు ఆ మాత్రం తెలుసు. అందరికీ ఆ మాటే చెప్పి ఉంటాడని అనుకున్నాను.

ఇప్పుడు ఆ పొట్లాలు చింపి రోడ్డు మీద పారేస్తారు. కాలువలో పడి ఉంటాయి. ఆవులు నములుతుంటాయి. మొదట్లో చూసీ చూడనట్టు పోయేదాన్ని. ఇప్పుడు చేతకావడం లేదు. వంగి ఏరుకుంటాను. కడిగి, ఆరబెట్టి, పెట్టెలో పెడతాను. కవిత చూసి, "అత్తా, ఎన్నని ఏరతావు, దినాము లచ్చలు అచ్చేస్తారు" అంది. నాకు తెలుసు. నా కొడుకు చెయ్యి తొక్కుతున్నారనిపిస్తుంది, అంతే. ఏరేటప్పుడు ఒక్కోసారి ఇంకో సంగతి తడుతుంది. నేను ఏరేది వాడి చేతినా, మీ చేతినా?

శివకుమార్ వారానికి ఒకసారి ఫోను చేస్తాడు. "అమ్మా, అది మంచి కథ. మిమ్మల్ని చెడ్డగా చూపించం. చివర్లో మీరు ఏడుస్తారు, వాడు క్షమిస్తాడు" అంటాడు. చెయ్యని తప్పుకు వాడు నన్ను క్షమిస్తాడట.

వాడు అబద్ధం చెప్పాడు. అది నాకు తెలుస్తూనే ఉంది. ఎందుకు చెప్పాడు? మీ పేరు చెప్పడానికి ఏమి అడ్డమొచ్చింది? నన్ను చెడ్డదాన్ని చేసేకంటే "మా ఉస్తాద్ రాత" అని ఒక్క మాట అనడం అంత కష్టమా? మీ ఇద్దరి మధ్య ఏం జరిగింది? మీరు మట్టికి ఎందుకు రాలేదు?

అడగవద్దు అన్నారు. అడుగుతున్నాను.

హులిగమ్మ


ఎమ్మిగనూరు
30 ఆగస్టు 2024

చెల్లెలు హులిగమ్మకు,

ఒంట్లో బాగాలేదు. ఎక్కువ రాయలేను.

ఎందుకు చెప్పాడంటే, మొదట ఎవరో గబుక్కున అడిగి ఉంటారు, గబుక్కున నోటికొచ్చింది అని ఉంటాడు. తరువాత వెనక్కి తీసుకోలేకపోయాడు. పెద్దవాళ్ళ మధ్య కూర్చున్న పేదవాడికి బస్టాండు పక్క రేకుల అంగడి పేరు చెప్పడానికి సిగ్గు. నాకు కోపం వచ్చింది, నిజమే. ఇప్పుడు లేదు.

మిగతాది అడిగితే నీకే కష్టం. నాకు కాదు, నీకు. అన్న మాట మీద గౌరవం ఉంటే సంతకం పెట్టు, ఈ సంగతి వదిలెయ్.

గఫూర్


ఆదోని
21 అక్టోబరు 2024

గఫూర్ సాబ్‌కు,

ఈసారి అన్నా అని రాయడానికి మనసు రాలేదు.

దసరాకు శివకుమార్ సినిమావాళ్ళను తీసుకుని వచ్చాడు. ముందు దేవరగట్టుకు పోయి కర్రల సమరం కెమెరాలో పట్టుకుని వచ్చారు. "మావాడు ఆడికి ఎప్పుడూ పోలేదు నాయనా, రక్తం చూస్తే వానికి కండ్లు తిరుగుతాయి" అన్నాను. "పర్వాలేదమ్మా, తెర మీద బాగుంటుంది" అన్నాడు. ఏది బాగుంటే అది వాళ్ళకు నిజం.

శివకుమార్ చెడ్డవాడు కాదు. ఉచ్చీరప్ప సంచి ఒకటి ఆఫీసులో ఉండిపోయిందని తెచ్చి ఇచ్చాడు. వాళ్ళు పోయాక విప్పాను. ఒక చొక్కా, కళ్ళజోడు డబ్బా, అడుగున ఒక బస్సు టికెట్టు. చిన్నది, అచ్చు సగం చెరిగిపోయింది. కవితను పిలిచి ఎండకు పెట్టి చదివించాను. ఈ ఏడాది జనవరి ఇరవై నాలుగో తారీకు, పొద్దున ఏడూ నలభై. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు. ఒకరు.

ఆదోని నుంచి.

అంటే బొంబాయి రైల్లో వచ్చి ఆదోనిలో దిగాడు. స్టేషను నుంచి మా ఇల్లు పావుగంట నడక. ఆ పొద్దు నేను ఇంట్లోనే ఉన్నాను, మిల్లుకు ఎనిమిదిన్నరకు పోతాను. వాడు నా ఊళ్ళో దిగి, నా ఇంటికి రాకుండా, బస్సెక్కి మీ ఊరికి వచ్చాడు. ఎమ్మిగనూరులో వాడికి మీరు తప్ప ఎవరున్నారు?

మీ దగ్గరికే వచ్చాడు. మీరు చూశారు. నేను చూసిన తరువాత, నాకంటే దగ్గరగా నా కొడుకును చూశారు. నేను వాడిని పోయిన ఏడాది ఉగాదికి చూడడమే. జూన్ నుంచి నాకు ఉత్తరాలు రాస్తున్నారు, వాడు పదమూడేళ్ళప్పుడు అన్న మాట గుర్తు పెట్టుకుని రాశారు, జనవరిలో అన్న మాట రాయలేదు.

నాకు కష్టమని దాచానంటారు. ఇంతకంటే కష్టం ఇంకేముంది సాబ్? నాకు మిగిలింది వాడు బతికిన రోజులే. అందులో ఒక రోజు మీ దగ్గర ఉంది. అది నాది. ఇచ్చెయ్యండి.

హులిగమ్మ


ఎమ్మిగనూరు
2 నవంబరు 2024

చెల్లెలు హులిగమ్మకు,

ఇస్తున్నాను. చదివాక నన్ను ఏమనుకున్నా సరే.

ఆ పొద్దున తొమ్మిదింటికి వచ్చాడు. యాస్మిన్ తలుపు తీసింది. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. లోపలికి వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. వెనక్కి లాక్కున్నాను. ఏమిటేమిటో చెప్పాడు. నాకు వినబడదని వాడికి తెలియదు. యాస్మిన్ కాగితం, కలం ఇచ్చింది. నేల మీద కూర్చుని రాసి ఇచ్చాడు.

మొదటి వరుస చదివాను. "ఉస్తాద్, మీరు అ నుంచి క్ష దాకా ఒకసారి మీ చేత్తో రాసివ్వండి" అని ఉంది.

అంతే చదివాను. తరువాతిది చదవలేదు. చెల్లీ, పన్నెండేళ్ళుగా నా అక్షరాలు ప్రతి అంగట్లో వేలాడుతుంటే వాడి పేరు విన్నాను. నా పేరు ఒక్కసారి వినలేదు. ఆ మంట అంతా ఒక్కసారి నెత్తికెక్కింది. ఇంకా మిగిలిన అక్షరాల కోసం వచ్చాడనుకున్నాను. కాగితం నాలుగు ముక్కలు చేశాను. "ఎత్తుకపోయినవి అయిపోయినాయా? మిగిలినవాటికి వస్తివా?" అన్నాను. నాకు వినబడదు కాబట్టి ఎంత గట్టిగా అరిచానో తెలియదు. పక్కింటివాళ్ళు వచ్చారంటే గట్టిగానే అరిచి ఉంటాను.

వాడు ఏదో చెప్పాడు. పెదవులు కదులుతున్నాయి. చూస్తే అర్థమవుతుంది. అర్థమవుతుందనే ముఖం గోడ వైపు తిప్పుకున్నాను.

బయట మెట్టు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం నమాజుకు పోయేటప్పుడు వాడిని దాటుకునే పోయాను. లేచి నిలబడ్డాడు. నేను ఆగలేదు. తిరిగి వచ్చేసరికి లేడు.

నాలుగు రోజుల తరువాత యాస్మిన్ ఆ ముక్కలను మెతుకులతో అతికించి తెచ్చి, చదవమని నా ముందర పెట్టింది. అదే కాగితం ఈ కవరులో పంపుతున్నాను. నువ్వే చదువుకో. చదివాక "పిలిపిచ్చు" అని రాసి చూపించింది యాస్మిన్. పిలిపించాలనే ఉంది. ముసలి పంతం. "రంజాన్ రానీ, సూద్దాం" అన్నాను. రంజాన్ మార్చి రెండో వారంలో వచ్చింది. వాడు రెండో తారీకే పోయాడు.

మట్టికి ఏ ముఖం పెట్టుకుని రావాలి?

ఆ కాగితంలో నీ మాట కూడా ఒకటి ఉంది. అది నీ కంట పడకూడదనే సంతకం పెట్టు, వదిలెయ్ అన్నాను. అల్లా సాక్షి, నా తప్పు దాచుకోవడానికి సగం, నిన్ను కాపాడడానికి సగం. ఏ సగం పెద్దదో నాకే తెలియదు.

గఫూర్


ఆదోని
27 డిసెంబరు 2024

గఫూర్ అన్నకు,

రెండు నెలలు ఉత్తరం రాయలేదు. రాయడానికి నాలో మనిషి లేదు.

కాగితం చదివాను. వాడి రాత కాబట్టి ఎవరినీ పిలవలేదు, నేనే ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. "అవి మీవని అందరికీ చెబుతాను. ఇకమీద వాటి కింద మీ పేరే ఉంటుంది. పన్నెండేళ్ళు అబద్ధం చెప్పాను. అమ్మ చెయ్యి కట్టేసిందని కూడా చెప్పాను, అది అమ్మకు తెలియదు. ఉస్తాద్ ఒప్పుకోందే నీకు నా చేతి అన్నం లేదు అంది అమ్మ. మీరు సరే అంటే ఇట్నుంచి ఇటే ఇంటికి పోతాను."

ఆ మాట అన్నది నిజం. మీకు రాసిన ఏ ఉత్తరంలోనూ నేను ఆ సంగతి రాయలేదు. మిమ్మల్ని నిలదీశాను, నా సంగతి దాచుకున్నాను.

పోయిన ఏడాది దసరాకు ముందు కవిత ఫోనులో వాడు టీవీవాళ్ళతో మాట్లాడేది చూపించింది. "మీ గురువు ఎవరు" అని అడిగారు. "ఎవరూ లేరండీ, నాకు నేనే" అన్నాడు. అప్పుడే ఫోను చేశాను. "ఒరే, గఫూరన్న కాళ్ళ మీద పడి, ఆయప్ప సరే అంటేనే నా గడప తొక్కు. అంతదాకా నా చేతి అన్నం నీకు లేదు" అన్నాను. కోపంలో తల్లులు అనే మాటే అన్నా. అంటాము, సాయంత్రానికి మరిచిపోతాము. వాడు మరిచిపోలేదు. నలభై ఏళ్ళవాడు, ఊరూరా పేరున్నవాడు, చిన్నపిల్లోడి మాదిరి ఆ మాట పట్టుకున్నాడు. స్టేషనులో దిగి, ఇంటి వైపు తిరగకుండా బస్సెక్కాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఫోను చేశాడు. "పోతివా?" అన్నాను. "పోయింటి మా. మళ్ళ పోతా" అన్నాడు. పోకుండానే తప్పించుకోవడానికి అంటున్నాడనుకుని, "అయితే మళ్ళ పోయినాకనే మాట్లాడు" అని పెట్టేశాను. టికెట్టు చూసేదాకా వాడి మాట నమ్మలేదు. అదే కడపటి మాట. మీరు మీ గుమ్మంలో నుంచి పంపారు, నేను ఫోనులో నుంచి పంపాను. మీకంటే నేనేమీ తక్కువ కాదు.

తరువాత ఏం చేశానో చెబుతాను.

పోయిన నెల శివకుమార్ కెమెరా పెట్టుకుని మళ్ళీ వచ్చాడు. సంతకం కాగితం, కలం పక్కనే పెట్టాడు. "చెయ్యి కట్టేసిన సంగతి చెప్పండమ్మా" అన్నాడు. నేను మొదటి నుంచి చెప్పాను. మీ రేకుల అంగడి, గూడూరు దారి గోడలు, వాడు అబద్ధం చెప్పింది, మీ దగ్గరికి వచ్చింది, నేను అన్న మాట, అన్నీ. కాగితం చూపించాను. మధ్యలోనే ఆయన కెమెరా ఆపించాడు.

"అమ్మా, ఇది బయటికి పోతే ఆ గోడ మీద ఫొటో ఉండదు. పోయినోడిని ఎందుకు కిందికి లాగుతావు? నువ్వు వాని తల్లివి."

"తల్లిని కాబట్టే సెప్తాండా. వాడు సెప్పాలని బయలుదేరినాడు నాయనా. సెప్పనీకుండా మేమిద్దరం అడ్డం పడితిమి. వాని పని సగంలో ఉంది, నేను ముగిస్తాండా."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆ సంగతి సినిమాలో పెట్టనన్నాడు. అప్పుడు కవిత చేత సంఘానికి ఇంగ్లీషులో ఉత్తరం రాయించి, వాడి కాగితానికి జిరాక్సు తీయించి పంపాను. కింద నా సంతకం పెట్టాను.

జవాబు వచ్చింది. ఈ ఏడాది ఫొటో పెట్టడం లేదట. పుస్తకం ఆపారట. విచారించి చెబుతారట. సంగతి బయటికి పొక్కింది. పేపర్లో ఈసారి కూడా పడింది, "దొంగ అక్షరాలు" అని పెద్దగా, కింద వాడి ఫొటో. అదే ఫొటో, "మన ఆదోని బిడ్డ" అన్నప్పుడు వేసినదే. మీ పేరు కూడా ఉంది, నాలుగో వరుసలో. కొళాయి దగ్గర హుసేనమ్మ నా బిందె నింపి పెట్టింది. ఆ మంచితనం నాకు తిట్టుకంటే ఎక్కువ నొప్పి పుట్టింది. నా కొడుకును దొంగ అని నేనే రాయించాను. చేసింది సరైందేనా అని దినమూ అడుక్కుంటాను. సరైందే అనిపిస్తుంది. అయినా వండిన అన్నం ఆవుకు పెట్టేస్తాను.

వాడి సమాధి మీద ఇంతవరకు పేరు లేదు. ఏడాది లోపల రాయించాలి. శివకుమార్ వాడి అక్షరాల్లోనే పేరు కంప్యూటర్లో చేసి పంపాడు, రాయి చెక్కేవాళ్ళకు ఇవ్వమని. చాలా నున్నగా, ముద్దుగా ఉన్నాయి. నేను ఇవ్వలేదు.

మీరు వచ్చి రాయండి అన్నా. చెయ్యి వణుకుతుందని, బ్రష్షు పట్టి పదహారేళ్ళయిందని అనవద్దు. వణికితే వణకనివ్వండి. మీ చేత్తో రాసివ్వమని వాడు మిమ్మల్ని అడిగాడు, మీరు ఇవ్వలేదు. ఇప్పుడు ఇవ్వండి. క్షమించి పిలుస్తున్నాననుకోవద్దు. మిమ్మల్ని క్షమించలేదు, నన్నూ క్షమించుకోలేదు. వాడికి బాకీ ఉన్నది మనమిద్దరమే, ఇంకొకరిని పిలిచే హక్కు నాకు లేదు.

వాడి పేరు ఒక్కటి రాస్తే చాలు. గొప్పవాడని, కళాకారుడని ఏమీ వద్దు. గోడ రాసినవాళ్ళు కింద మూలన తమ పేరు రాసుకుంటారు కదా. మీది అక్కడ రాసుకోండి, చిన్నగా కాదు, కనబడేట్టు.

శుక్రవారం నమాజు అయ్యాక బస్సుంది. నేను రంగు తెచ్చిపెడతాను. ఆరేదాకా కూర్చుంటాను. నాకు ఇంక వేరే పని లేదు.

హులిగమ్మ